చివురు విరిచిన చేయి

రాజ్యలక్ష్మికి తమ్ముణ్ణి చూస్తే ఒళ్ళు మండేది. చూడకపోతే ఇంకా మండేది. కనబడని తమ్ముడు ఎక్కడో ఏదో కాజేస్తూ ఉంటాడని ఆవిడ నమ్మకం. అందుకని పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని గట్టు దగ్గరికి వచ్చేది. పోట్లాట దొరికితే ఆడేది, దొరక్కపోతే వెతుక్కునేది.

గట్టంటే పెద్ద గోడేం కాదు, మోకాలెత్తు మట్టి. కడియం కాలవ పక్కన తండ్రి పెంచిన నర్సరీని ఆయన పోయేముందు చెరిసగం చేసి ఇద్దరికీ రాసిచ్చాడు. ఇటు అక్క, అటు తమ్ముడు వీర్రాజు. ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. మొక్కల ఊళ్ళో పచ్చగడ్డికి కరువేముంది!

ఆ రోజు పోట్లాట వెతుక్కోనక్కర్లేకుండానే దొరికింది. వీర్రాజు తొట్లలో నూరువరహాలు పూసింది. ఒకే గుత్తిలో సగం ఎరుపు, సగం పసుపు.

"ఒరేయ్, ఇలా రా," అంది రాజ్యలక్ష్మి. "ఆ తొట్లో ఏంటది?"

"నూరువరహాలు. నీకు చదువెక్కువై కళ్ళు తగ్గినియ్యా?"

"రెండు వన్నెలది నా రకంరా. ఏళ్ళ తరబడి కూచుని తయారుచేశాను. నా చెట్టు చివుళ్ళు గిల్లుకుపోయి నాటుకున్నావు."

"నాన్న చెట్టుకి నా పక్క కొమ్మలో దానంతటదే పుట్టింది. నీ చెట్టెవడిక్కావాలి?"

"దొంగ ఎదవా!"

"అక్కవని ఊరుకుంటన్నాను. లేదంటేనా!"

"లేదంటే ఏం చేస్తావు? చేతగాక ఊరుకుంటన్నావు."

ఇలా ఎండెక్కేదాకా సాగింది. ఇటు పనివాళ్ళు ఇటు, అటు పనివాళ్ళు అటు తలలు వంచుకుని నవ్వుకున్నారు.

నర్సరీల్లో మొక్కని ఎవరూ దొంగిలించరు. మొక్క బరువు, పైగా కనబడుతుంది. నాలుగు లేత చివుళ్ళు గిల్లి పంచె మడతలో దోపుకుంటే చాలు. కింది ఆకులు దూసేసి, వేరుపొడిలో ముంచి, కొబ్బరిపొట్టులో గుచ్చి, ఆవిరిలాంటి నీటి తుంపర పడే షెడ్డులో ఉంచితే వేళ్ళు పోసుకుంటాయి. మరుసటేటికి నీ రకం పక్కవాడి దుకాణంలో పూస్తుంది. అడిగితే నాదే అంటాడు. కొమ్మ ముక్క నుంచి వచ్చిన మొక్క తల్లి మొక్కే కాబట్టి ఏది ఎవరిదో దేవుడు కూడా తేల్చలేడు.

దేవుడు తేల్చలేనిది తను తేలుస్తానని రాజ్యలక్ష్మి ఆ రోజే అనుకుంది. ఆవిడ ఊరికే అనుకునే మనిషి కాదు. ఒకప్పుడు పేరున్న పరిశోధన సంస్థలో మొక్కల శాస్త్రవేత్త. డైరెక్టరుతో పోట్లాడి, రాజీనామా కాగితం ఆయన టేబులు మీద విసిరేసి వచ్చింది. భర్త పోయాక కూతురు ఇందుని తీసుకుని పుట్టింటి తోటకి చేరింది. తుంపర షెడ్డు వెనక ఇటుకల గది ఒకటి కట్టించుకుంది. అదే ఆవిడ ల్యాబు. అందులో సహాయకురాలు, శిష్యురాలు, తిట్లు తినే మనిషి, అన్నీ ఇందునే.

*

గొంగళిపురుగు ఆకు కొరికితే మొక్కకి తెలుస్తుంది. ఒక వాసన వదిలి పక్క మొక్కలకి చెబుతుంది. ఇది చదువుకున్న వాళ్ళందరికీ తెలిసిన సంగతే. కొరికింది ఏమిటన్నదాకా మొక్కకి తెలుసు. కొరికింది ఎవరన్నది తెలిసేలా చెయ్యాలని రాజ్యలక్ష్మి పంతం. అలా తయారైందే గోధుమరంగు ద్రావకం. దానికి పగమందు అని ఇందు పేరు పెట్టింది. వేళాకోళానికి పెట్టిన పేరే వాడుకలోకొచ్చింది.

మందు పోసిన కుండీ మొక్క చివురొకటి రాజ్యలక్ష్మి ఉత్త చేత్తో విరిచింది. వారం తిరిగి, విరిచినచోట కొత్త ఆకులు విప్పుకున్నాక ఇందు ఆ కుండీని తెచ్చి బల్లమీద పెట్టింది. ఇందుకి ఏమీ కాలేదు. రాజ్యలక్ష్మి మాత్రం గుమ్మంలోంచి లోపలికి వస్తూనే తుమ్మడం మొదలుపెట్టింది. బల్ల దగ్గరికి వచ్చేసరికి కళ్ళు ఎర్రబడ్డాయి, పెదవి వాచింది, గొంతు బిగుసుకుపోయింది.

"తీసెయ్! బయట పెట్టు!" అంటూనే నవ్వింది. వాచిన ముఖంతో ఆ నవ్వు చూస్తే ఇందుకి భయమేసింది. "పని చేసిందే! నా చెమటని గుర్తుపట్టి, నా ఒంటికే పడని వాసన తయారుచేసింది. నీకేమన్నా తెలిసిందా?"

"నాకు మామూలు ఆకు వాసనేనమ్మా."

"అదీ సంగతి. విరిచినవాళ్ళకే విషం. మిగతా లోకానికి అది వాసనే కాదు."

విరిచిన ఆ చివురుని కూడా ఇందు నాటి చూసింది. వేళ్ళు వచ్చి, రెండు కొత్త ఆకులు విప్పుకోగానే ఆ పిల్లమొక్క కూడా రాజ్యలక్ష్మిని తుమ్మించింది. తల్లిమొక్కకి ఉన్న పగ కొమ్మముక్కకి వచ్చింది. దాని కొసని గ్లౌజులు వేసుకుని తుంచి నాటితే దానికీ వచ్చింది. ఎక్కడా తగ్గలేదు.

"దీనికి విరుగుడేంటమ్మా?" అని అడిగింది ఇందు.

"దొంగకి విరుగుడెందుకే?"

"దొంగ కాని వాళ్ళు ముట్టుకుంటే?"

"గ్లౌజులేసుకుంటారు. అదొక్కటే నియమం. చెమట తగలకపోతే మొక్కకి ఎవరూ తెలీదు." రాజ్యలక్ష్మి కళ్ళలో చుక్కలు వేసుకుంటూ ఆ మొక్కలన్నిటినీ పీకి పొయ్యిలో పెట్టమంది. "ఇక మీ మావయ్య రావాలి. వచ్చి గిల్లాలి."

గట్టు పొడుగునా మందు పోసిన రెండు వన్నెల నూరువరహాలు నాటించింది. నిగనిగలాడే చివుళ్ళు గట్టు మీదికి వాలి, రారమ్మని పిలుస్తున్నట్టే ఉండేవి. రోజూ కాఫీ గ్లాసుతో వచ్చి వీర్రాజు ముఖం పరీక్షగా చూసేది. కళ్ళు వాచాయా? ముక్కు కారుతోందా? అతను గుండ్రాయిలా ఉండేవాడు. ఒకసారి తుమ్మాడు గానీ అది నశ్యం వల్ల. రాజ్యలక్ష్మికి నిరాశ ఎక్కువైంది.

"ఏంటలా గుడ్లప్పగించి చూత్తన్నావు?" అన్నాడు వీర్రాజు.

"నీ మొహంలో దొంగతనం ఎక్కడ కనబడుతుందా అని."

"అద్దంలో చూసుకో, కనబడుద్ది."

*

తొలకరి పడగానే హైవే మొక్కల కాంట్రాక్టరు సూర్యారావు వచ్చాడు. రోడ్ల మధ్య కంచెగా నాటడానికి నూరువరహాలు లారీలకి లారీలు కావాలన్నాడు. నాటిన మొక్కల్ని జనం ఎత్తుకుపోతున్నారని వాపోయాడు. ఆ మాట వినగానే రాజ్యలక్ష్మి ముఖం వెలిగింది. నా మొక్కకి చెయ్యేసినవాడు మళ్ళీ దాని ఛాయలకి రాడని మాటిచ్చింది. ఇక్కడ డబ్బు ఆశ తక్కువ, కసి ఎక్కువ. ఊరూరా, రోడ్డురోడ్డునా తన మొక్క దొంగల్ని తరుముతూ ఉంటే చూడాలని ఆవిడ కోరిక.

పగమందు సంగతి పనివాళ్ళకి తెలియకూడదు. కాబట్టి చివుళ్ళు తీసే పని ఇందు మీద పడింది. ఎండ రాకముందు, కొమ్మల్లో నీరు నిండి ఉన్నప్పుడే తియ్యాలి. ఇందు గ్లౌజులు వేసుకుని తీసింది. షెడ్డులో తట్టలకి తట్టలు కుళ్ళిపోయాయి.

కుళ్ళక ఏం చేస్తాయి! లేతకొమ్మ పదును కంటికి తెలియదు, వేలికి తెలుస్తుంది. చివురుని బొటనవేలికి ఆనించి వంచితే టప్పున విరగాలి. విరక్కుండా వంగితే మరీ లేత, తుంపరకి కుళ్ళుతుంది. నార సాగితే ముదిరింది, వేరు పొయ్యదు. ఆ టప్పుమనడం రబ్బరు తొడుక్కున్న వేళ్ళకి అందదు. ఊళ్ళో ఎవరూ కత్తెరతో కూడా తియ్యరు, వేళ్ళతోనే చూసి వేళ్ళతోనే విరుస్తారు. ఇందుకి ఆ విద్య చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని నేర్పింది రాజ్యలక్ష్మే.

కుళ్ళిన తట్టలు చూసి రాజ్యలక్ష్మి ఒంటికాలి మీద లేచింది.

"చదువు చెప్పించి ఏం లాభమే? నాలుగు చివుళ్ళు సరిగ్గా తియ్యడం రాదు. లారీ వచ్చే వేళకి ఈ బురద ఎక్కించనా? కూలీకొచ్చే మంగ నీకంటే నయం."

"గ్లౌజులతో తెలియట్లేదమ్మా."

"నాకు సాకులు చెప్పకు. చేతకాకపోతే చేతకాదని చెప్పి మీ మావయ్య దగ్గర తొట్లు మొయ్యి."

ఇందు కుళ్ళిన తట్టలు ఎత్తి కాలవగట్టున పారబోసి వచ్చింది. ఆ మర్నాటి నుంచీ తట్టలు కుళ్ళడం ఆగిపోయింది. గుచ్చిన ముక్క గుచ్చినట్టే నిలబడింది. తెల్లటి వేళ్ళు కొబ్బరిపొట్టు పట్టుకుని పాకాయి. ఒక్కటి పోలేదు.

"ఇదీ చెయ్యంటే," అంది రాజ్యలక్ష్మి, తట్ట ఎత్తి చూస్తూ. "నా కూతురివనిపించావు."

ఎన్నాళ్ళకో విన్న మెచ్చుకోలు అది. ఇందు ముఖం చిన్నపిల్ల ముఖంలా విప్పారింది. ఆ పక్కనే కిటికీలో గ్లౌజులు మడత విప్పకుండా, చుక్క తడి లేకుండా పొడిగా ఉన్నాయి. రాజ్యలక్ష్మి వాటిని చూసింది. చూసి, ఆ తట్ట కింద పెట్టి ఇంకో తట్ట ఎత్తింది. లారీ రావలసి ఉంది. వేళ్ళు బ్రహ్మాండంగా వస్తున్నాయి. ఆ సంగతి తరవాత అడగవచ్చులే అనుకుంది. తరవాత అడగలేదు.

లారీలు వెళ్ళాయి. మొదటివి, ఆపైన ఇంకొన్ని. రాజమండ్రి మొదలుకుని అటు విశాఖపట్నం, ఇటు విజయవాడ దాకా రోడ్ల మధ్య మట్టిలో నూరువరహాలు కుదురుకున్నాయి.

*

చివుళ్ళు తియ్యడం ఆపాక, తోటలోనూ తట్టల్లోనూ కొత్త ఆకులు విప్పుకునే వేళకి షెడ్డులోంచి ఇందు దగ్గు వినిపించింది. రాజ్యలక్ష్మి ల్యాబులోంచి పరుగున వచ్చింది. ఇందు గుమ్మానికి ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళు మూసుకుపోయాయి, మెడ మీద దద్దుర్లు, పీల్చిన ఊపిరి లోపలికి పోక ఈలలా మోగుతోంది. రాజ్యలక్ష్మి ఆమెని జబ్బ పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చింది.

"గ్లౌజులు తీసేశావా? నీకు బుద్ధుందా? ఎన్నిసార్లు చెప్పాను!"

ఇందుకి మాట రావడానికి కాసేపు పట్టింది. "నువ్వు చూశావు కదమ్మా."

"నేనేం చూశాను?"

"కిటికీలో. నేను నిన్నే చూస్తన్నాను అప్పుడు. వద్దంటావేమోనని చూశాను."

రాజ్యలక్ష్మి నోరు ఎప్పుడూ ఖాళీగా ఉండదు.  గొంతు పెంచి, బుద్ధి లేనిదానివనీ, అన్నీ నేనే చూసుకోవాలా అనీ ఏవేవో అంది. ఆ అరుపుల్లో భయం ఎంతుందో ఆవిడకే తెలుసు.

ఆటోలో రాజమండ్రి ఆస్పత్రికి బయలుదేరారు. హైవే ఎక్కగానే ఇందు మెలికలు తిరిగిపోయింది. రోడ్డు మధ్యన పొడుగునా నూరువరహాలు లేతాకులు విప్పుకుని ఉన్నాయి. అన్నీ ఆమె చేత్తో విరిచినవే, అన్నీ ఆమెని గుర్తుపట్టాయి. ఆటో అతను తనకేమీ వాసన రావట్లేదని, అమ్మాయికి ఫిట్సేమోనని అన్నాడు. వెనక్కి తిప్పమని రాజ్యలక్ష్మి అతని వీపు మీద గుద్దింది. వెనక్కి వస్తే ఇంట్లో ఉంది ఆ మొక్కే, గట్టు పొడుగునా ఉంది ఆ మొక్కే. ఆటో నర్సరీ ముందు ఆగిపోయింది. కూతుర్ని ఎటు దింపాలో రాజ్యలక్ష్మికి తెలియలేదు.

వీర్రాజు తన గేటులోంచి చూశాడు. అడగలేదు, తిట్టలేదు. వచ్చి మేనకోడల్ని రెండు చేతులా ఎత్తుకుని తన తోటలోంచి, కొబ్బరిచెట్ల వెనక కాలవ ఒడ్డున ఉన్న పాకలోకి తీసుకెళ్ళాడు. అటు గాలి కాలవ మీదినుంచి వస్తుంది. కాసేపటికి ఇందు ఊపిరి తేటపడింది. వీర్రాజు కబురంపితే కడియం నుంచి డాక్టరు పాకకే వచ్చి సూది మందు ఇచ్చి వెళ్ళాడు.

సూర్యారావుకి ఫోను చేసి మొక్కలన్నీ పీకించెయ్యమంది రాజ్యలక్ష్మి.

"అదెలాగండీ మేడమ్ గారూ?" అన్నాడతను. "బెమ్మాండంగా అందుకున్నాయి కదండీ. కొసలు కత్తిరించినప్పుడు పారెయ్యబుద్ధి కాక మా కుర్రోళ్ళు అయ్యి కూడా నాటేశారండి. మిగిలినయ్యి చుట్టాలకీ పక్కాలకీ పంచుకున్నారు. ఏ ఊళ్ళో ఎన్నున్నాయో నాకేం తెల్సండి?"

మొక్కల మనుషులు మంచి చివురుని పారెయ్యలేరు. రాజ్యలక్ష్మి కూడా జన్మలో ఒక్కటి పారేసి ఎరగదు.

*

విరుగుడు కోసం ల్యాబులో రేయింబవళ్ళు కూర్చుంది. మొక్కకి మరిచిపోవడం నేర్పబోతే మొక్కే చచ్చింది. చావనిది మరవలేదు. చివరికి గట్టు దగ్గరికి వచ్చి నిలబడింది. అలవాటు కొద్దీ తిట్టుతోనే మొదలుపెట్టింది.

"నా కూతుర్ని నీ పాకలో దాచుకుని ఎన్నాళ్ళు నాటకం ఆడతావురా?"

వీర్రాజు అటు నుంచి వచ్చి నిలబడ్డాడు. అతని ముఖంలో ఎప్పటి వెటకారం లేదు. అది రాజ్యలక్ష్మికి ఇంకా కష్టంగా ఉంది.

"పిల్ల అంతా చెప్పింది. నా తోటంతా తిరుగు," అన్నాడు. "నీ మందు మొక్క ఒక్కటుంటే నేనైనా, ఆ పిల్లైనా ఇక్కడ ఊపిరి తీసుకునేవోళ్ళమా? తీసుకుంటన్నాం. మరి నేనెప్పుడు గిల్లేనక్కా నీ చివుళ్ళు?"

రాజ్యలక్ష్మి చూపు కొబ్బరిచెట్ల వెనక పాక వైపు పోయింది.

"నా మీద కోపానికి లోకం మీదికి వదిలేవు. అది పోయి పోయి నీ పిల్లనే పట్టుకుంది. ఇయ్యాలో రేపో గాలి తిరుగుద్ది. నీ పక్క నుంచి కొట్టిందంటే నా పాక కూడా పనికిరాదు. అప్పుడేటి చేత్తావు?"

"పీకేస్తాను," అంది రాజ్యలక్ష్మి. "ఒక్కటుంచను. పీకేసి పిల్లని ఇంటికి తీసుకుపోతాను."

పనివాళ్ళని పిలవలేదు. పిలిస్తే తలా నాలుగు చివుళ్ళు బొడ్లో దోపుకుని పోతారు. ఒక్కతే దిగింది. గ్లౌజులు జారుతుంటే విసిరికొట్టింది. గట్టు పొడుగునా ఉన్నవి, షెడ్డులో తట్టల్లో ఉన్నవి, కుండీల్లో ఉన్నవి, తను ఏళ్ళ తరబడి కూచుని సాధించిన తల్లిమొక్కలు, అన్నీ ఉత్త చేతులతో వేళ్ళతో సహా పెళ్ళగించింది. ఆకులు నలిగి పసరు మోచేతుల దాకా కారింది. గొయ్యి తవ్వి, సున్నం పోసి, పూడ్చింది. ప్రతి ఆకూ ఏరింది. ఒక్కో తల్లిమొక్కని గొయ్యిలో వేస్తుంటే ఏడుపొచ్చింది. మొక్క కోసం ఏడుస్తున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

అంతా అయ్యాక కుంకుడుకాయతో తల రుద్దుకుని, ఒళ్ళు రుద్దుకుని, మళ్ళీ రుద్దుకుంది. ఉతికిన చీర కట్టుకుంది. చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. కుంకుడు వాసన తప్ప ఏమీ లేదు. గట్టు దాటింది. నర్సరీ పంచుకున్నాక ఆవిడ ఆ గట్టు దాటడం అదే మొదలు.

ఇందు పాక ముందు నులకమంచం మీద కూర్చుని ఉంది. చిక్కిపోయింది గానీ కళ్ళు విప్పారి ఉన్నాయి. తల్లిని చూసి లేచింది. లేచి ఎదురు రాబోయింది.

"అంతా పీకేశానే," అంది రాజ్యలక్ష్మి నడుస్తూనే. "ఒక్కటి లేదు. ఇంటికి పోదాం రా. నిన్ను తిట్టను. తప్పు నాదే, చూసి కూడా ఊరుకున్నాను. రా అమ్మా."

ఇందు చెయ్యి చాచింది. చాచిన చెయ్యి గొంతు దగ్గరికి పోయింది. దగ్గింది. మళ్ళీ దగ్గింది. కళ్ళు ఎర్రబడుతున్నాయి. వెనక్కి అడుగేసి, మంచం తగిలి కూలబడింది.

రాజ్యలక్ష్మి వెనక్కి తిరిగి చూసింది, మొక్క ఎక్కడైనా మిగిలిందేమోనని. గట్టంతా ఉత్త మన్ను.

"అక్కా, ఆగు!" వీర్రాజు ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడ్డాడు. "నీ దగ్గర్నుంచే వత్తంది. నెలల తరబడి ఆటిల్లోనే మసిలేవు. ఇప్పుడు ఆ పసరంతా ఒంటికి పట్టించుకొచ్చేవు."

"కడుక్కున్నానురా! రెండుసార్లు కడుక్కున్నాను. నాకే వాసనా లేదు!"

"నీకెందుకుంటది? విరిచినోళ్ళకి తప్ప ఎవరికీ ఉండకుండా నువ్వేగా చేసింది. ఎనక్కి నడు."

ఒక అడుగు వెనక్కి వేసింది. ఇందు దగ్గుతూనే ఉంది. ఇంకొన్ని అడుగులు వేసింది. కూతురి మీదినుంచి చూపు మరల్చకుండా, కొబ్బరిచెట్లు దాటి, తొట్ల వరసలు దాటి, గట్టు కాలికి తగిలి తూలి, గట్టు కూడా దాటి, పీకేసిన మడుల్లోకి వచ్చేసింది. అప్పుడు దగ్గు ఆగింది. అక్కణ్ణించి ఇందు ముఖం ఆనవాలు కూడా తెలియడం లేదు.

"అన్నం తిందా?" అని అరిచింది.

"తింది!" వీర్రాజు అటు నుంచి అరిచాడు. "ఇంక ఎల్లక్కా, నుంచోకు. గాలి ఇటు తిరుగుతంది."

రాజ్యలక్ష్మి కొంగు ఒంటి చుట్టూ బిగించుకుని, కూతురు ఉన్న దిక్కుకి వీపు పెట్టి, కాళ్ళు ఎంత పోతే అంత దూరం పరుగెత్తింది.